పై వరుస

నగరం తూర్పు ద్వారం దాటగానే బాటకు రెండు వైపులా సమాధులు మొదలవుతాయి. ఊరి గోడ లోపల ఎవరినీ పూడ్చకూడదన్నది చట్టం. అందుకే చనిపోయినవాళ్లందరూ బాట పక్కన వరుస కట్టి, బండ్లు లేపే దుమ్ము మీద పడుతుంటే, వచ్చేపోయేవాళ్లను చూస్తూ ఉంటారు. ద్వారానికి లోపలి వైపు, గోడ నీడలో, సమాధి రాళ్లు చెక్కే మేస్త్రి కొట్టు ఉండేది. అది చక్రవర్తుల కాలం. కూడలిలో చక్రవర్తి రాతిబొమ్మ, కొండ మీద నగర దేవత గుడి, ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన గూట్లో ఇంటి దేవతల చిన్న మట్టిబొమ్మలు. పొద్దున్నే ఆ బొమ్మల ముందు చిటికెడు ధూపం వేసి గాని ఎవరూ పనిలోకి వెళ్లేవారు కాదు.

వీధిలో అతన్ని సణుగుడు మేస్త్రి అనేవారు. రాయి తడిగా ఉంటే వానను, పొడిగా ఉంటే ఎండను, ఉలి మొండిదైతే కమ్మరిని తిట్టేవాడు. బేరమాడేవాళ్ల కన్నా ఏడ్చేవాళ్లంటే అతనికి ఎక్కువ విసుగు. వాళ్లు చనిపోయినవాళ్ల గుణాలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ, రాయి మీద పట్టనంత చెప్పేవారు. మొగుడు బతికుండగా అతని ముఖమైనా చూడని ఆవిడ 'సాటిలేని భర్త' అని చెక్కమనేది. చెక్కేవాడు. ఈ మాట ఆయన చెవిన ఒక్కసారి వేసి ఉంటే ఇంకొన్నాళ్లు బతికేవాడు కదా అని సణుగుతూ చెక్కేవాడు.

ఎండాకాలం జ్వరాలతో పని ఊపిరి తీసుకోనిచ్చేది కాదు. చలికాలం ఖాళీ. ఆ ఖాళీలో రాళ్లు ముందే తయారుచేసి గోడకు ఆనించి పెట్టుకోవడం అతని పద్ధతి. అంచుల వెంట ఆకుల తీగ, మధ్యలో పేరుకు చోటు, అన్నిటికన్నా పైన ఒక వరుస. 'ఈ చోటు కిందిలోకపు దేవతలది.' ధనికుడికైనా బానిసకైనా, ముసలివాడికైనా పసికందుకైనా ఆ వరుస ఒక్కటే. ఎవరూ వద్దనరు, ఎవరూ మార్చమనరు. కింద ఎవరి పేరు వస్తుందో తెలియకముందే పై వరుస సిద్ధంగా ఉండేది.

ఆ వరుస భక్తి కోసమని జనం అనుకునేవారు. మేస్త్రి దృష్టిలో అది తాళం. ఆ మాట ఉన్న రాయిని కదిలిస్తే దేవతల సొత్తు ముట్టుకున్నట్టే. దేవతలు ఊరుకున్నా న్యాయాధికారి ఊరుకోడు. ఆ మాట లేని రాయి ఉత్త రాయి. మంచి రాయి గని నుంచి రావాలంటే ఎద్దులు కావాలి, దారి బాగుండాలి, ఓపిక కావాలి. బాట పక్కన దిక్కులేని రాయి కనబడితే తెల్లారేసరికి ఎవరో ఒక మేస్త్రి కొట్లో బోర్లా పడి ఉండేది. వెనక వైపు నున్నగా చేసి కొత్త పేరు చెక్కడం ఆ పని తెలిసినవాడికి లెక్క కాదు. ఇతనూ చేశాడు. అందుకే ఇతనికి బాగా తెలుసు.

అక్క అతనికన్నా చాలా పెద్దది. తల్లి పోయేనాటికి అతనికి పాలపళ్లు కూడా ఊడలేదు. అక్కే పెంచింది. ఆవిడకు పెళ్లయింది, మొగుడు పోయాడు, పిల్లలు లేరు. తమ్ముడి కొట్టు వెనక గదిలో ఉంటూ, రంగులద్దే ఆయన దగ్గర ఉన్ని తెచ్చుకుని వడికి ఇచ్చేది. ఆ రంగులాయన చేతులు మోచేతుల దాకా ఒకరోజు నీలం, ఒకరోజు ఊదా. తొట్ల పైన మేడ మీది గదిలో వారానికొక రోజు, పనులు మొదలవకముందే, కొందరు కూడేవారు. తూర్పున ఎక్కడో ఒక చిన్న దేశంలో శిలువ వేసి చంపిన క్రీస్తు అనే మనిషి మళ్లీ లేచాడని, ఆయనే దేవుడి కొడుకని వాళ్ల నమ్మకం. వడికిన ఉన్ని ఇవ్వడానికి వెళ్లిన అక్క ఒకరోజు మేడ ఎక్కింది. ఆ ఎక్కడం ఎక్కడం మళ్లీ దిగలేదు అనేవాడు మేస్త్రి.

కొత్త దేవుడు వచ్చినందుకు అతనికి బాధ లేదు. ఓడలవాళ్లు ఒక దేవుణ్ణి తెస్తారు, సైనికులు ఇంకొకరిని తెస్తారు, నగరం అందరికీ చోటిచ్చింది. అతని గొడవ వేరు.

“ఉన్నవాళ్లు చాలక ఇంకొకరిని తెచ్చుకుంటే తెచ్చుకో అక్కా. గూట్లో చోటుంది. ఉన్నవాళ్లను బయటికి పొమ్మనడం దేనికి?” అన్నాడు.

“ఉంటే కదరా పొమ్మనడానికి,” అంది ఆవిడ, తిప్పుతున్న కదురు ఆపకుండా.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మేస్త్రి భార్య గొణిగింది. ఆవిడ బాధ ఆవిడది. వదిన గూటి ముందు ధూపం వేయడం మానేసిన సంగతి పక్కింటి రొట్టెలావిడ కిటికీలోంచి చూసింది. మర్నాటికి వీధి అంతటికీ తెలిసింది. మీ ఇంట్లో దేవుళ్లు లేనివాళ్లున్నారటగా అని నీళ్ల దగ్గర అడగసాగారు. జ్వరాలు వచ్చినా, బావి ఎండినా, రొట్టెలావిడ పొయ్యిలో పిండి మాడినా, దేవుళ్లు లేనివాళ్ల వల్లే అన్న మాట వినబడేది. భార్య ఇంటి గూటికి రోజూ రెండు చిటికెలు వేయడం మొదలుపెట్టింది, ఒకటి తనకు, ఒకటి వదిన బదులు.

తిండి దగ్గర ఇంకో తలనొప్పి. సంతలో దొరికే మాంసంలో చాలావరకు గుడి ముందు కోసిందే. దేవతకు కొంత కాల్చి, మిగతాది కసాయి కొట్లకు పంపేవారు. అక్క ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఇది ఏ కొట్టుదని అడిగేది. మరదలికి ఒళ్లు మండేది. తెచ్చిందే అపురూపం, వండిందే ఎక్కువ, పైగా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలా అని మొగుడి మీద విరుచుకుపడేది. మేస్త్రి గిన్నె కింద పెట్టి, “గొర్రెనే అడగండి, ఏ గుడి ముందు చచ్చిందో,” అన్నాడు.

దూరంగా ఉన్న వాళ్ల పెద్దమనిషి ఒకాయన ఉత్తరాలు రాసేవాడు. అవి ఊరి నుంచి ఊరికి చేతులు మారుతూ వచ్చేవి. మేడ మీద ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు వినేవారు. మాంసం సంగతి ఒక ఉత్తరంలో వచ్చిందని అక్క చెప్పింది. తినడంలో తప్పేమీ లేదట, అయితే అది చూసి పక్కవాడి మనసు నలిగేలా ఉంటే మానుకోవాలట. తినాలా వద్దా ఒక్క మాటలో చెప్పలేడా ఆయన, అని మేస్త్రి విసుక్కున్నాడు. ఇంత చదువుకున్నవాడు కసాయి కొట్టు దాకా వచ్చి ఇలా నసగడం ఏమిటో అతనికి అర్థం కాలేదు.

అంతటితో పోతే బాగుండేది. మేడ మీదివాళ్లలోనూ మనుషులు చనిపోతారు. మా తమ్ముడు మంచి పనివాడు, నోరే కాస్త, అని అక్క వాళ్లందరికీ చెప్పింది. వాళ్లు రాళ్ల కోసం ఇతని దగ్గరికే రాసాగారు. వచ్చినవాడల్లా గోడకు ఆనించిన రాళ్లు చూసి, తీగ బాగుందని మెచ్చుకుని, చివరికి ఆ పై వరుస తీసేయమనేవాడు. కిందిలోకపు దేవతలకు తమవాళ్లను అప్పగించలేమని ఒకరు, అసలు తమవాళ్లు కింద లేరని ఒకరు. చెక్కిన అక్షరాన్ని తీసేయడం గోడ మీద బొగ్గు గీత చెరపడం లాంటిది కాదని మేస్త్రి చెప్పి చెప్పి అలిసిపోయాడు. ఆ వరుస తీయాలంటే రాయి పైభాగమంతా లోతుకు దించాలి. తీగ పోతుంది, చలికాలం చేసిన పని అంతా పెచ్చులై కింద పడుతుంది.

చివరికి ఒక ఉపాయం పట్టాడు. సున్నంలో రాతిపొడి కలిపి, ముద్ద చేసి, ఆ అక్షరాల్లో కూరి, ఆరాక రుద్దాడు. చూస్తే రాయికి రాయే. వేలితో తడిమితే తప్ప తెలియదు. వచ్చినవాళ్లు సంతోషపడ్డారు. అతనూ సంతోషపడ్డాడు, అందుకు కారణం వేరు. పైకి వాళ్లు కోరినట్టే ఉంది, లోపల తాళం తాళంలాగే ఉంది. ఆ ఏడు మేడ మీదివాళ్ల రాళ్లన్నీ అలాగే వెళ్లాయి. బాట పక్కన వాళ్లు కొనుక్కున్న చిన్న జాగాలో, పై వరుస లేకుండా, బోడిగా, ఒకదాని పక్కన ఒకటి నిలబడ్డాయి.

వానలు వచ్చాయి. అతను ఎప్పుడూ ఇంటి లోపలి గోడలకే సున్నం పూసినవాడు; నాలుగు వానలకు ఆ ముద్ద ఏమవుతుందో ఆలోచించలేదు. సున్నం మెత్తబడి, పాలలా కారి, గడ్డిలోకి దిగిపోయింది. ఒక పొద్దున ఊళ్లోకి వస్తున్న బండివాళ్లు ఆ జాగా ముందు ఎద్దులను ఆపారు. రాళ్లన్నీ కడిగిన ముఖాల్లా ఉన్నాయి. ప్రతి దాని మీదా, ఈ చోటు కిందిలోకపు దేవతలది. దేవుళ్లు లేనివాళ్లు చచ్చాక దారికొచ్చారని బండివాళ్లు నవ్వుకుంటూ వచ్చి ద్వారం దగ్గర చెప్పారు. మధ్యాహ్నానికి రొట్టెలావిడ కూడా వెళ్లి చూసొచ్చింది.

రంగులాయన కొట్టుకు వచ్చాడు. ఆ రోజు చేతులు ఊదా రంగులో ఉన్నాయి. అతని వెనక బుట్టలల్లేవాడు, ఒక ముసలి మంత్రసాని, ఇంకెవరో. రంగులాయనది అరిచే గొంతు కాదు.

“మేస్త్రీ, మావాళ్లందరినీ తీసుకెళ్లి కిందిలోకంలో అప్పజెప్పావయ్యా,” అన్నాడు.

“నేను సున్నం పెట్టాను. వాన కడిగింది. వాన ఏ దేవుడిదో ఆయనతో చెప్పుకోండి.”

బుట్టలవాడికి కోపం వచ్చింది. ఆ రాళ్లన్నీ పెకలించి మేస్త్రి గుమ్మంలో పారేయాలన్నాడు. మంత్రసాని ఎందుకొచ్చిన గోల అంది. లేని దేవతల పేరు రాళ్ల మీద ఉంటే ఏమిటి, గాలికి చిరునామా రాసినట్టే కదా అంది. చూసేవాళ్లు ఏమనుకుంటారని బుట్టలవాడు. చూసేవాళ్లు ఇప్పటికే అనుకుంటున్నారని మంత్రసాని. వాళ్ల గొడవ వాళ్లు కొట్లోనే పడ్డారు, పెచ్చుల మధ్య నిలబడి. మేస్త్రి సుత్తి కింద పెట్టేశాడు.

“మీకు ఉత్తరాలొస్తాయిగా. అందులో చూసుకోండి,” అన్నాడు.

చూశామన్నాడు రంగులాయన. మాంసం గురించి ఉందట, రాళ్ల గురించి లేదట.

“రాసి అడగండి మరి.”

“ఆయన జైల్లో ఉన్నాడు.”

“జైలు బయట ఉన్న పెద్దమనిషి మీలో ఒక్కడూ లేడా?”

“నేనున్నాను కదా,” అన్నాడు రంగులాయన.

“అందుకే మీ మాట వీళ్లు వినడం లేదు.”

మంత్రసాని నవ్వింది. రంగులాయన కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. ఏమీ తేలలేదు. బుట్టలవాడు మాత్రం ఎవరి మాటా వినకుండా, ఎక్కడో ఒక మొండి ఉలి సంపాదించి, తన తల్లి రాయి మీది పై వరుసను తనే గీకేశాడు. బుట్టలల్లే చేతులతో రాయి గీకితే ఎలా ఉంటుందో అలా ఉంది. మేస్త్రి వెళ్లి చూసొచ్చాడు. అతని దుఃఖం తీగ గురించి.

ఆ వానల్లోనే అక్కకు దగ్గు పట్టుకుంది. మొదట ఉన్ని నలక అన్నారు. తర్వాత ఆవిడ కదురు పట్టుకోలేకపోయింది. మరదలు పోట్లాడుతూనే ఆవిడకు గంజి తాగించేది, పోట్లాడుతూనే వీపు నిమిరేది. ఒకరోజు వాన వెలిశాక అక్క గోడ పట్టుకుని కొట్లోకి వచ్చి, రాళ్ల మధ్య పీట మీద కూర్చుంది.

“నా రాయి ఇప్పుడే చెక్కరా. నేను చూస్తాను,” అంది.

అతను పెచ్చులు ఊడుస్తూ ఉండిపోయాడు. అపశకునపు మాటలు మాట్లాడవద్దన్నాడు. వీధిలో సగంమందికి నువ్వు చెక్కిన రాళ్లేగా, నా దగ్గరికొచ్చేసరికి అపశకునమా, అంది. సరేనన్నాడు. గోడకు ఆనించిన వాటిలో అన్నిటికన్నా మంచిది, తెల్లటిది, తీగలో చిన్న పిట్టలు చెక్కినది చూపించాడు. ఆవిడ పిట్టలను వేలితో తాకింది. తర్వాత వేలు పైకి పోనిచ్చి ఆ వరుస మీద ఆపింది.

“ఇది వద్దు. సున్నం కూడా వద్దు. ఇది లేని రాయి కావాలి.”

“తలుపు లేని ఇల్లు కట్టమంటున్నావు.”

“లోపల దాచుకునేదేమీ లేదు కదరా.”

“నీకు లేకపోవచ్చు. నాకుంది,” అన్నాడు. ఆ తర్వాత తను అన్న మాటకు తనకే చిరాకేసి, పైనుంచి నీళ్లు కారుతున్నాయంటూ ఇంటి కప్పును తిట్టాడు.

ఆ రోజు నుంచి ఆవిడ అడగడం, ఇతను రేపనడం. మంచి రాయి ఇంకా రాలేదనేవాడు. దారి బురదగా ఉందనేవాడు. గనివాళ్లకు కబురు పంపానని పంపకుండానే చెప్పేవాడు. ఆవిడకు అబద్ధమని తెలుసు. ఇతనికి ఆవిడకు తెలుసని తెలుసు. మింగలేక కక్కలేక, కనబడినవాడి మీదల్లా ఎగిరిపడేవాడు. ఈయన చెక్కే రాళ్ల కన్నా ఈయన మాటలే ఎక్కువ గుచ్చుకుంటున్నాయని భార్య పక్కింట్లో చెప్పుకుంది.

ఇంతలో బుట్టలవాడు ఏడుస్తూ వచ్చాడు. తల్లి రాయి కనబడడం లేదు. జాగాలో మిగతావన్నీ నిలబడే ఉన్నాయి. తను గీకిన రాయి ఉన్నచోట మాత్రం నీళ్లు నిండిన గుంట.

ఎక్కడ వెతకాలో మేస్త్రికి వేరే చెప్పనక్కర్లేదు. వీధి దాటి ఎదురు కొట్టుకు వెళ్లాడు. ఎదురు కొట్టు మేస్త్రి మంచివాడే, కబుర్లపోగు, అవసరానికి ఉలి అరువిచ్చే మనిషి. రాయి అక్కడే ఉంది, బోర్లా పడేసి. వెనక వైపు అప్పటికే నున్నగా అయింది. సగం తీగ గీసి ఉంది. ఇది బుట్టలవాడి తల్లిది అని ఇతను చెప్పాడు.

“అయ్యుండచ్చు. పై వరుస లేదు మరి. నేను దేవతల సొత్తు ముట్టుకోలేదు. నువ్వయితే వదిలేసేవాడివా?” అన్నాడు ఎదురు కొట్టు మేస్త్రి.

బుట్టలవాడు ద్వారం పక్కన కాపలావాళ్ల దగ్గరికి వెళ్లి మొరపెట్టుకున్నాడు. వాళ్లూ ఆ మాటే అడిగారు. రాయి మీద ఏముందని. ఏమీ లేకుండా నేనే గీకేశానని చెబితే వాళ్లు ఇంకేమీ అడగలేదు.

మేస్త్రి ఇంటికి వచ్చి అక్క మంచం పక్కన నిలబడి అరిచాడు. ఏళ్ల తరబడి సణిగాడు గాని అరవడం ఎవరూ వినలేదు. గీకినవాడి తల్లికి ఏమైందో చూడమన్నాడు. ఇప్పుడు ఆవిడ ఎక్కడుందో ఆవిడ కొడుక్కే తెలియదన్నాడు. రేపు నీ రాయి తిరగేసి, వెనక ఎవడో నూనెల వర్తకుడి పేరు చెక్కుతారు, నేను వీధిలోంచి ఆ సుత్తి చప్పుడు వినాలి, అన్నాడు. మీ దేవుడికి రాళ్లతో పని లేకపోవచ్చు, నేను బతికేదే రాళ్ల మీద, నేను ఎక్కడికి వెళ్లి కూర్చోవాలి, అన్నాడు. భార్య వచ్చి చెయ్యి పట్టుకుని లాగింది. అక్క కళ్లు మూసుకుని వింది.

రెండు రోజులు రాయి ఊసెత్తలేదు. రంగులాయన మేడ మీది గదిలోంచి రొట్టె పంపాడు. మంత్రసాని వచ్చి కూర్చుని, పాడుకునే పాటేదో గొంతులోనే పాడి వెళ్లింది. ఆవిడ వెళ్లాక అక్క తమ్ముణ్ణి పిలిచింది.

“ఆ పిట్టల రాయే పెట్టరా,” అంది.

“పై వరుస ఉంది దాని మీద.”

“ఉండనీ. ఆ దేవతలు లేరు. లేనివాళ్ల పేరు ఉంటే నాకేం నష్టం? నీకు నిద్ర పడుతుంది.”

“మీవాళ్లు ఒప్పుకుంటారా?”

“ఒప్పుకోరు. రంగులాయన మనసు కష్టపెట్టుకుంటాడు. నాలుగు రోజులు పోతే మామూలే.” ఆగి, దగ్గి, మళ్లీ అంది. “నిజంగా నాకు పట్టింపు లేదురా.”

గెలిచాడు. కొట్లోకి వచ్చి పిట్టల రాయి మీది దుమ్ము తుడిచాడు. పేరు చెక్కడమే మిగిలింది. మొదలుపెడదామని ఉలి పట్టుకున్నాడు గాని సుత్తి లేవలేదు. ఎందుకో తెలియని చిరాకు. ఆవిడ ఆఖరి మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఆ మాట కాదు, ఆ గొంతు. అది ఎక్కడ విన్నదో అతనికి కాసేపటికి తట్టింది. తల్లి పోయిన ఏడాది ఇంట్లో ఒక్క రొట్టె ఉండేది. అక్క దాన్ని తుంచి పెద్ద ముక్క అతని ముందు పెట్టి, చిన్నది కూడా సగం తిని ఇటు జరిపి, నిజంగా నాకు ఆకలి లేదురా అనేది. అతను తినేవాడు. ఒక్కరోజైనా వద్దనలేదు. అప్పుడు నమ్మాడు.

అతను ఉలి పెట్టేసి బయటికి వెళ్లి, ఆ సాయంత్రమంతా గోడ చుట్టూ తిరిగాడు.

మూడోనాడు మధ్యాహ్నం అక్క పోయింది. మరదలు గంజి గిన్నె చేత్తో పట్టుకునే ఉంది. మేడ మీదివాళ్లు వచ్చి మోసుకెళ్లారు. రంగులాయన చేతులు ఆ రోజు తెల్లగా ఉన్నాయి. రంగు పోయేదాకా రుద్ది వచ్చాడని అందరూ చూశారు. పిట్టల రాయి పెడతావటగా, మీ అక్క చెప్పింది, అన్నాడు మేస్త్రితో. మాట బయటికి రాకుండా ఆపుకున్న శ్రమ ముఖంలో తెలిసింది. బుట్టలవాడు తల తిప్పుకున్నాడు.

మేస్త్రి పిట్టల రాయి పెట్టలేదు. కొట్టు వెనక ఒక మందపాటి దిమ్మె పడి ఉండేది. సమాధికి పనికిరాదు, ఇద్దరు మనుషులు కలిసినా జరగదు, గనివాళ్లు పొరపాటున పంపినది. అతను దాని ముందు కూర్చున్నాడు. పైన ఒక వరుసకు పట్టేంత చోటు ఖాళీగా వదిలాడు. దాని కింద అక్క పేరు మొదలుపెట్టాడు. ఏ అక్షరానికైనా వేలిగోరు దిగేంత లోతు చాలు. దిగినా అతను ఆపలేదు. పెచ్చులు పడుతూనే ఉన్నాయి. ఉలి ములుకు విరిగితే ఇంకో ఉలి తీశాడు. ఒక్కో అక్షరం వేలు పొడుగంత లోపలికి పోయింది. ఒక అక్షరానికి ఒక పూట పట్టింది. పేరు కింద 'ఉన్ని వడికింది' అని, దాని కింద 'తమ్ముడు పెట్టాడు' అని అదే లోతున.

భార్య తిండి తెచ్చి పెట్టి, చల్లారిందని మళ్లీ వేడి చేసి తెచ్చి, చివరికి గిన్నె పెచ్చుల మీదే వదిలి వెళ్లింది. పేరు కనబడాలంటే ఇంత తవ్వాలా, ఉలులన్నీ నాశనం చేస్తున్నావు, అని అడిగింది. కనబడడానికి కాదన్నాడు. మరెందుకని ఆవిడ అడిగితే, పని తెలిసినవాడికి తెలుస్తుందని విసుక్కున్నాడు.

దిమ్మెను బండి మీద చేర్చి జాగాలో నిలబెట్టాక రంగులాయన వచ్చి చూశాడు. పై వరుస లేకపోవడం చూసి అతని ముఖం వెలిగింది. అక్క పేరును తడిమి, మొహమాటంగా అడిగాడు.

“పైన ఖాళీగా ఉంది కదా మేస్త్రీ. మా గుర్తు ఏదైనా, ఒక చిన్న చేపో, లంగరో వేస్తావా?”

“మా అక్క చేప అడగలేదు.”

“ఆవిడ నీ వరుస వద్దంది గాని...”

“వద్దంది. అక్కడితో ఆగింది. మీరూ ఆగండి.”

రంగులాయన ఆగాడు. కాసేపు నిలబడి, వాళ్ల పద్ధతిలో ఏదో గొణుక్కుని, తొట్ల దగ్గర పనుందని వెళ్లిపోయాడు. మేస్త్రి ఎర్రటి జేగురు మట్టి ముద్దను నీళ్లలో కలిపి, కుంచెతో అక్షరాల్లోకి రంగు దించసాగాడు. మామూలు రాయికయితే కుంచె కొన తగిలిస్తే చాలు. ఇక్కడ కుంచె పిడి దాకా లోపలికి పోతోంది. గిన్నెడు రంగు రెండు అక్షరాలకు సరిపోవడం లేదు. ఎంత పోసినా తాగేస్తోందని రాయిని తిట్టాడు.

ఎదురు కొట్టు మేస్త్రి ద్వారం దాటి నడుచుకుంటూ వచ్చాడు. పాపం అక్క, అన్నాడు. దిమ్మె చుట్టూ తిరిగాడు. ముందు వైపు చూశాడు, మందం చూశాడు. అలవాటు కొద్దీ వెనక వైపు అరచేత్తో నిమిరాడు. తర్వాత ముందుకు వచ్చి ఒక అక్షరంలో వేలు పెట్టాడు. వేలు మొత్తం పోయింది. బయటికి తీసి, ఎర్రగా అయిన వేలు చూసుకున్నాడు.

“ఇంత లోతుగానా? అక్షరాలు పోయేదాకా చెక్కి దించినా మిగిలేది ఏమీ లేదు, తిరగేస్తే మధ్యకు పగులుతుంది. ఇక ఈ రాయి ఎవరికీ పనికిరాదు,” అన్నాడు.

“తెలుసు,” అన్నాడు సణుగుడు మేస్త్రి. “చెయ్యి తియ్యి. రంగు ఇంకా ఆరలేదు.”